టెంకాయచిప్పయు భిక్షాపాత్రయు

కడపనుండి రాజంపేటకు బోవు త్రోవలో ఒంటిమిట్ట కోదండరామాలయమును దర్శించినవారికి వావిలకొలను సుబ్బారావుగారి టెంకాయచిప్ప కథ తెలియకపోదు. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా నుండిన యా మహనీయుడు, జీర్ణమైన యాలయము నుద్ధరించుటకై టెంకాయచిప్ప చేతబూని యూరూర దిరిగి ద్రవ్యము గూర్చెను. అదియు యాచనయే, కాని దానియందు లాఘవము లేదు. తనవారి వాకిట నిలిచి, తనవారి సొత్తగు నాలయమునకై యడిగెను.

వేఱొక భిక్షాపాత్ర కలదు. అది పరదేశపు విజ్ఞానశాల గడపకడ చాచునది. నేటి జీవశాస్త్రమునందు మన చేత నా పాత్రయే తఱచుగా నుండుట విచారింపదగిన విషయము.

మన దేహములోని పనులలో పెక్కింటిని మాంసకృత్తులు నడుపుచున్నవి. పూర్వము వీనిని సంపాదించుటకు జంతుదేహమునో మానవదేహమునో వెదకవలసి యుండెను. ఇన్సులినును పందుల, పశువుల క్లోమమునుండి తీసిరి. పెరుగుదలకు వలయు హార్మోనును శవముల పిట్యూటరీ గ్రంథులనుండి తీసి పిల్లల కిచ్చిరి. దానివలన కొందఱికి ఘోరమైన మెదడువ్యాధి సంక్రమించినట్లు 1985 లో బయల్పడెను. 1973 లో అమెరికాలో కోహెన్, బోయర్ అను పండితులు ఒక జీవి జన్యువును సూక్ష్మజీవిలో నతికి నిలుపు విద్యను సాధించిరి. 1978 లో ఆ విద్యచేతనే సూక్ష్మజీవులు మానవ ఇన్సులినును చేసినవి. 1982 లో నది యౌషధమై వెలువడెను. ఇట్లు పుట్టినవే పునస్సంయోజిత మాంసకృత్తులు.

ఔషధముల మాట యందఱెఱుగుదురు. ప్రయోగశాలల యవసరమును కొందఱే యెఱుగుదురు. క్రొత్తమందు మానవ ఎంజైము నడ్డగించునో లేదో చూడవలెనన్న ముందుగా నా ఎంజైము చేత నుండవలెను. గాజుపాత్రలో మానవకణములను పెంచుటకు వృద్ధికారకములు కావలెను. ఇవి మైక్రోగ్రాముల లెక్కన అమ్ముడుపోవు సరకులు. వీనిలో ననేకములు మంచుపెట్టెలలో సముద్రములు దాటి మనకు వచ్చుచున్నవి. త్రోవలో చల్లదనము తప్పినచో ధనమును, కాలమును రెండును వ్యర్థము. తన సందేహము ననుసరించి గాక, పరదేశపు వర్తకుని ధరలపట్టిక ననుసరించి పరిశోధకుడు ప్రయోగము నెన్నుకొనవలసివచ్చినచో, దానిని స్వతంత్రమైన విజ్ఞాన మనవచ్చునా?

మనకు శక్తి చాలదందురా? భాగ్యనగరము నడుగుడు. వరప్రసాదరెడ్డిగారు ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. హెపటైటిస్ బి టీకా విద్యకై యొక విదేశసంస్థ నర్థింపబోగా, భారతీయులు భిక్షాపాత్రతో వచ్చువారను మాట వినవలసివచ్చినదనియు, ఆ యవమానమే తన్ను కదిల్చినదనియు ఆయన పలుమాఱు చెప్పియున్నారు. 1993 లో తల్లిపేర శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును, పిమ్మట సి.సి.ఎం.బి. యందును ఆశ్రయము పొంది, 1997 లో ఈస్టు కణములచే చేయించిన టీకాను విపణికి దెచ్చిరి. ఆ టీకాలోనిది వైరసు పైపొరయందలి మాంసకృత్తు, మానవునిది కాదు. అయినను విద్య యొక్కటియే. మానవ ఇంటర్‌ఫెరానును సైతము ఆ సంస్థ తరువాత తయారుచేసెను. వందల రూపాయలు పలికిన టీకా మోతాదు పోటీవలన క్రమముగా పదుల రూపాయలకు దిగినది.

అయినను 2009 లో ఆ సంస్థ ఫ్రాన్సుదేశపు సనోఫీ వశమయ్యెను. విద్యను సంపాదించుట యొకయెత్తు, దానిని నిలుపుకొనుట వేఱొకయెత్తు.

ఇచ్చట స్వదేశాభిమానులకు నొక హెచ్చరిక. స్వదేశీ ముద్ర శుద్ధికి బదులు కాజాలదు. ఇ-కోలై సూక్ష్మజీవిచే చేయించిన సరకులో దాని పైపొర విషము లేశమైన మిగిలినచో, పాత్రలోని రోగనిరోధకకణములు దానికే కలవరపడును. పరిశోధకుడు మాంసకృత్తు ప్రభావమే యని భ్రమపడును. కొన్ని మానవ మాంసకృత్తులకు చక్కెర గొలుసులు తగిలియుండవలెను. ఇ-కోలై సహజముగా వానిని తగిలింపలేదు గావున, అట్టివానికి తఱచుగా క్షీరదకణములను పెంచవలసియుండును. స్వచ్ఛత యెంత, పనిచేయు శక్తి యెంత, విషశేషమెంత యను నిరూపణపత్రము లేని సరకు స్వదేశీయమైనను త్యాజ్యమే.

కావున చేయవలసిన దేమి? ప్రజాధనముతో జన్యుభాండారములు నెలకొల్పి, తఱచుగా వలయు మాంసకృత్తులను శుద్ధిచేసి, పరీక్షించి, కళాశాలల కెల్ల స్వల్పవెలకు పంచవలెను. ఈ నేర్పు రాజధానులకే పరిమితము కారాదు. కడపలో 2006 లో వెలసిన యోగి వేమన విశ్వవిద్యాలయము వంటి చోట్లకును చేరవలెను. వానకెదురుచూచు సీమలో పుట్టిన బిడ్డకు మంచుపెట్టె రాకకు నెదురుచూచు శాపము కూడ నేల?

దీనికై ధనమడుగుట సిగ్గు గాదు. మన వాకిళ్లలోనే, మన శాసనసభలలోనే యడుగుదము. సుబ్బారావుగారి చేతిలోని టెంకాయచిప్ప గుడిని నిలిపినది. పరుల గడపకడ చాచిన పాత్ర యెంత నిండినను, మరల రిక్తమగుటకే నిండును.