తెల్లారేసరికి చేపలు తేలుతున్నాయా? ముందు నీటి సంగతి చూడండి

చేపల చెరువులో ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోవచ్చు. సాయంత్రం మేత బాగానే తిన్న చేపలు తెల్లవారుజామున నోళ్లు తెరిచి నీటిపైకి వస్తాయి. పొద్దెక్కేసరికి గట్టు వెంబడి తెల్లగా తేలతాయి. ఎకరం, రెండెకరాల చెరువును నమ్ముకున్న చిన్న రైతు ఇది రోగమనుకుని మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. తిరిగొచ్చేలోపు మిగిలినవీ పోతాయి. ఇలా ఒక్కసారిగా తేలడానికి చాలావరకు కారణం రోగం కాదు. నీటిలో ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్, అయిపోవడమే.

రాత్రిపూటే ఎందుకు?

చెరువు నీరు పచ్చగా కనిపించేది అందులోని కంటికి కనపడని నాచు వల్ల. పగలు ఎండలో ఈ నాచే ప్రాణవాయువును తయారుచేస్తుంది. పొద్దుగూకితే ఆ పని ఆగిపోతుంది. ఇక అక్కణ్ణుంచి చేపలు, నాచు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి పగలు పోగైనదాన్నే వాడుకుంటాయి. అందుకే ప్రాణవాయువు మధ్యాహ్నం 2, 3 గంటలకు ఎక్కువగాను, సూర్యోదయానికి ముందు బాగా తక్కువగాను ఉంటుంది.

బొచ్చె, శీలావతి వంటి చేపలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములు, అంటే 5 పి.పి.ఎం. ఉంటే మంచిది. 3కు తగ్గితే చేప మందగిస్తుంది, మేత సరిగా ముట్టదు. 1కి దిగితే ప్రాణం మీదికొస్తుంది.

రెండు మూడు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోతే పగటి రాబడి తగ్గుతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. వేసవిలో ఇంకో చిక్కు ఉంది. 20 డిగ్రీల వేడిలో లీటరు నీరు 9 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువును ఇముడ్చుకుంటే, 30 డిగ్రీల వద్ద అది 7.5కు పడిపోతుంది. నాచు ఒక్కసారిగా చచ్చి ఆకుపచ్చ నీరు గోధుమరంగుకు తిరిగినా ప్రమాదమే.

గుర్తుపట్టడం ఎలా?

* గాలి చాలకపోతే: తెల్లవారుజామున, ఒక్కసారిగా, పెద్ద చేపలు ముందు పోతాయి. నత్తలు, రొయ్యపిల్లలు గట్టు దగ్గరికి చేరతాయి. పైకొచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను, మార్పు చేపలు మాత్రం బతికే ఉంటాయి.
* విషం కలిస్తే: వేళాపాళా ఉండదు. చిన్నా పెద్దా తేడా లేకుండా పోతాయి. కొర్రమీను, కప్పలు కూడా చావొచ్చు. పక్క చేలో పురుగుమందు కొట్టారేమో ఆరా తీయండి.
* రోగమైతే: రోజుకు కొన్ని చొప్పున చాలా రోజులు పోతుంటాయి. ఒంటిమీద పుండ్లు, ఎర్రమచ్చలు, మొప్పల్లో జిగురు కనిపిస్తాయి.

వెంటనే చేయాల్సిన పనులు

చేపలు నోళ్లు తెరవడం చూసిన క్షణంలోనే ఏరేటర్లుంటే వేయండి. లేకుంటే ఇంజను పెట్టి చెరువు నీటినే పైకి ఎగజిమ్మి మళ్లీ చెరువులో పడేలా చూడండి. పీల్చే గొట్టం మూతి అడుగు బురదలో ఉండకూడదు. నల్లబురద కదిలితే అందులోని విషవాయువులు పైకొస్తాయి. పైపొర నీటినే తీసుకోవాలి. కాలువ నీరు శుభ్రంగా ఉంటే కొంత పెట్టుకోవచ్చు. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, కనుక దాన్ని చెక్కమీదో రేకుమీదో పడి చిందేలా వదలండి. చెరువంతా బాగుపడకపోయినా నీరు చిందేచోటికి చేపలు చేరి బతుకుతాయి. ఎండ బాగా వచ్చేదాకా ఇంజను ఆపొద్దు.

ఆ రోజు మేత, పేడ, ఎరువు ఏదీ వేయొద్దు. చచ్చిన చేపల్ని వెంటనే ఏరి, దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. కాలువలో పారేయొద్దు, తినొద్దు, అమ్మొద్దు.

బిళ్లలతో పని జరుగుతుందా?

లెక్క మీరే వేసుకోండి. నాలుగడుగుల నీరున్న ఎకరం చెరువులో సుమారు 49 లక్షల లీటర్లుంటాయి. ప్రాణవాయువును 1 పి.పి.ఎం. పెంచాలంటే 4.9 కిలోల ప్రాణవాయువు కావాలి. ఆక్సిజన్ బిళ్లల్లో ఉండే సోడియం పెర్‌కార్బొనేట్ కిలోకు 130 నుంచి 150 గ్రాములే ఇస్తుంది. అంటే ఆ ఒక్క పి.పి.ఎం. కోసం 35 కిలోల దాకా వేయాలి. చేపపిల్లల్ని తరలించే తొట్టెలో ఇవి పనికొస్తాయి గానీ, ఎకరం చెరువులో కిలో, రెండు కిలోలు చల్లితే డబ్బు దండగ. ఇంజనుకు పోసే డీజిలే మేలు.

సున్నంతోనూ తొందరపడొద్దు. సున్నం ప్రాణవాయువునివ్వదు. పైగా నీటి పి.హెచ్. పెంచుతుంది. పి.హెచ్. 7 వద్ద నీటిలోని అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. అదే 9 వద్ద, మన వేడిలో, నూటికి 40 పాళ్లు విషమవుతుంది. ఎండ మీదున్న మధ్యాహ్నం పి.హెచ్. ఎలాగూ పెరిగి ఉంటుంది. పరీక్ష చేయించాకే సున్నం మోతాదు అడిగి వేయండి.

ముందు జాగ్రత్తలు

పగటిపూట చెయ్యి నిటారుగా నీటిలో ముంచి చూడండి. మోచెయ్యి మునిగేదాకా వేళ్లు కనిపిస్తుంటే నాచు సరిపడా ఉన్నట్టు. మణికట్టు మునగకముందే వేళ్లు కనపడకుండా పోతే నాచు చిక్కబడినట్టే. వెంటనే పేడ, యూరియా ఆపి, మేత తగ్గించి, వీలుంటే కొంత నీరు మార్చండి.

చెరువులో పడిన కిలో మేత అరిగి, మిగిలింది కుళ్లేసరికి దాదాపు కిలో ప్రాణవాయువును తినేస్తుంది. తవుడు, చెక్క సంచుల్లో కట్టి వేలాడదీసేవారు సాయంత్రం సంచి తడిమి చూడాలి. మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. మబ్బు రోజున సగం మేత చాలు, ముసురు పట్టినన్నాళ్లు అసలు మానేసినా చేప చావదు. ఒప్పుకున్న లెక్కకు మించి పిల్లల్ని వదలొద్దు. చెరువు ఎండగట్టినప్పుడల్లా అడుగు నల్లబురద తీయించండి.

మబ్బు పట్టిందంటే ఇంజనులో డీజిల్ పోసి సిద్ధంగా ఉంచుకుని, తెల్లవారుజామున 3 గంటలకు బ్యాటరీ లైటు పట్టుకుని గట్టంతా ఒక్కసారి తిరగండి. అక్కడొకటి ఇక్కడొకటి నోరు తెరిస్తే ఇంకా వ్యవధి ఉన్నట్టే. వెంటనే ఇంజను వేయండి. చెరువంతా నోళ్లు తెరిచిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.