పాదుకా పట్టాభిషేకం అనవచ్చునా?

2012 మే నెలలో వ్లదీమిర్ పుతిన్ మూడవసారి రష్యా అధ్యక్షుడైనప్పుడు, మా ప్రాంతపు సాహిత్య మిత్రుల గోష్ఠిలో నేనొక చిన్న వ్యాసం చదివాను. అంతకు ముందు నాలుగేళ్లు అధ్యక్షుడుగా ఉన్న ద్మీత్రి మెద్వెదెవ్‌ను అందులో భరతుడితో పోల్చాను. సింహాసనం మీద అన్న పాదుకలుంచి, అన్న తిరిగి వచ్చేదాకా రాజ్యాన్ని కాపాడిన తమ్ముడన్నాను. పోలిక చక్కగా కుదిరిందని మిత్రులు మెచ్చుకున్నారు. అది కుదరలేదని నాకు తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది. తెలియజెప్పినవాడు తొమ్మిదవ తరగతి విద్యార్థి.

2024 మార్చిలో పుతిన్ ఐదవసారి ఎన్నికైన వార్త వచ్చిన రోజులవి. రొళ్లలో నేను తొమ్మిదవ తరగతికి ఉపమాలంకారం పునశ్చరణ చేయిస్తున్నాను. కర్ణాటక సరిహద్దు పక్కనే కనక, ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు మాకు చాలామంది. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలు మాటను ఊరికే వదలరు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగూ చెప్పి, ఉదాహరణగా నా పాత పోలికనే కాస్త గర్వంగా వినిపించాను. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి అడిగాడు: "సార్, రాముడు అడివికి పోయినాడు కదా. ఈయప్ప యాడికి పోయినాడు?"

నా దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నం. ఒక నాయకుడు తిరిగి అధికారానికి వచ్చినప్పుడు మనం వాడే ఉపమానాలు మన ఆలోచనను ఎట్లా దారి తప్పిస్తాయో చెప్పడం దీని ఉద్దేశం.

ముందుగా జరిగిన సంగతి చూద్దాం. 1999 డిసెంబరు 31న బోరిస్ యెల్త్సిన్ రాజీనామా చేయగా పుతిన్ తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. 2000లోనూ, 2004లోనూ ఎన్నికల్లో గెలిచాడు. రష్యా రాజ్యాంగం 1993 నాటిది. ఒకే వ్యక్తి "వరుసగా" రెండు పర్యాయాలకు మించి అధ్యక్షుడుగా ఉండరాదని దాని 81వ అధికరణం చెప్పింది. ఈ "వరుసగా" అనే ఒక్క మాటలోనే కథంతా ఉంది. ఆ మాట లేకపోతే 2008తో పుతిన్ అధ్యక్ష పదవి ముగిసేది. ఆ మాట ఉన్నందున, మధ్యలో ఒక పర్యాయం మరొకరు కూర్చుంటే చాలు, మళ్లీ రావచ్చు. 2008లో మెద్వెదెవ్ అధ్యక్షుడయ్యాడు, పుతిన్ ప్రధానమంత్రి అయ్యాడు. అదే సంవత్సరం చివర అధ్యక్షుడి పదవీకాలాన్ని నాలుగేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచుతూ రాజ్యాంగాన్ని సవరించారు. ఆ పెంపు తర్వాతి అధ్యక్షుడి నుంచి వర్తిస్తుంది. 2011 సెప్టెంబరు 24న పాలక పక్షమైన 'యునైటెడ్ రష్యా' మహాసభలో, తదుపరి అధ్యక్షుడుగా పుతిన్ పేరును మెద్వెదెవే ప్రతిపాదించాడు. ఈ ఒప్పందం తమ మధ్య చాలాకాలం కిందటే కుదిరిందని ఆ సభలోనే బయటపెట్టారు.

ఇప్పుడు నా ఉపమానాన్ని పరీక్షిద్దాం. రాముడు రాజ్యం వదిలి నారచీరలతో అడవికి పోయాడు. కోసల సైన్యం, బొక్కసం అతని చేతిలో లేవు. భరతుడు రాజ్యం వద్దని, వెంటనే తిరిగి రమ్మని బతిమాలాడు. రాముడు రాలేదు. రావడానికి అడ్డుగా నిలిచింది తండ్రికిచ్చిన మాట. ఆ మాటలో పద్నాలుగేళ్లంటే పద్నాలుగేళ్లే. అర్థాన్ని వంచుకునే సందు అతను వెతకలేదు. పుతిన్ నాలుగేళ్లూ మాస్కోలోనే ఉన్నాడు. మంత్రివర్గానికి అధిపతి ఆయనే, పాలక పక్షానికి నాయకుడూ ఆయనే. నియమంలోని సందు ఆయనకు దారి అయింది. రెండు కథల్లోనూ "కొంతకాలం మరొకరు కూర్చున్నారు" అన్న ఒక్క పైపై పోలిక తప్ప సమానధర్మం లేదు. పైగా ఈ ఉపమానం మరొక పని కూడా చేస్తుంది. రాముడనగానే వినేవాడు "ఎప్పుడొస్తాడా" అని ఎదురుచూస్తాడు. "రావచ్చునా" అని అడగడు. వాదించవలసిన విషయాన్ని వాదించకుండానే గెలిపించే ఉపమానమిది.

ఆశ్చర్యమేమంటే, రష్యన్లు తమ భాషలో ఇంతకంటే నిజమైన ఉపమానాన్ని పట్టుకున్నారు. ఈ పదవుల మార్పిడిని వారు చదరంగంలోని "రొకిరోవ్క" అన్నారు. మనం కోట కట్టుకోవడం అంటామే, అదే. రాజు పక్కకు జరుగుతాడు, ఏనుగు అతన్ని దాటి వచ్చి కాపు కాస్తుంది. చదరంగం తెలిసినవారికి ఇందులోని కీలకం తెలుసు. రెండు పావులు కదిలినా అది ఒకే ఎత్తు. మధ్యలో ఎదుటివాడికి అవకాశం రాదు. ఈ ఆటలో ఎదుటివాడు ఎవరు? ఓటరు. అభ్యర్థి పేరు తేలింది 2011 సెప్టెంబరులో, ఓటు వేసింది 2012 మార్చి 4న. రామాయణ ఉపమానం దాచిన విషయాన్ని చదరంగపు ఉపమానం బయటపెట్టింది.

పుతిన్‌ను సమర్థించినవారంతా అమాయకులని నేననను. అట్లా అనడం చరిత్రను చదవకపోవడమే. 1990లలో రష్యా ప్రజలు పడిన పాట్లు సామాన్యమైనవి కావు. ప్రభుత్వ ఆస్తులు కొద్దిమంది పాలయ్యాయి. జీతాలూ పింఛన్లూ నెలల తరబడి అందలేదు. 1998 ఆగస్టులో ప్రభుత్వం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, రూబుల్ కూలిపోయింది. పుతిన్ తొలి ఎనిమిదేళ్లలో చమురు ధర పెరిగింది, జీతాలు సమయానికి వచ్చాయి. కడుపు నిండిన ఎనిమిదేళ్లను జనం మరచిపోరు. 2012లో ఆయనకు వచ్చిన 63 శాతానికి పైబడిన ఓట్ల వెనక ఈ భౌతిక కారణం ఉంది. మాస్కో నగరంలో మాత్రం సగం ఓట్లు కూడా రాలేదు. 2011 డిసెంబరు పార్లమెంటు ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని బొలోత్నయా మైదానంలో వేలాదిమంది నిలబడ్డ నగరం అదే.

మరి నేనెందుకు పొరబడ్డాను? మా నాయన పెట్టెలో సోవియట్ పుస్తకాలుండేవి. మంచి కాగితం, చక్కని బొమ్మలు, తక్కువ వెల. చదవడం నేర్చింది వాటితోనే. గోర్కీ, చెహోవ్ మా ఇంటివారే అనుకున్నాను. ఆ ప్రేమను తెలియకుండానే మాస్కోలో కూర్చున్న ప్రతి పాలకుడికీ బదిలీ చేశాను. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులోనే ముగిసిందన్న విషయం నా బుద్ధికి తెలుసు, నా అభిమానానికి తెలియలేదు. 2012 ఎన్నికల్లో పుతిన్‌కు ప్రత్యర్థిగా నిలిచి, సుమారు 17 శాతం ఓట్లతో రెండవ స్థానంలో వచ్చినవాడు కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి గెన్నాదీ జ్యుగానోవ్. అంటే, అభ్యుదయవాదినని చెప్పుకునే నేను, ఎర్రజెండా అభ్యర్థిని ఓడించినవాడికి రామాయణంతో హారతి పట్టాను! దీనికి నవ్వుకోవాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తిరిగి రావడమంటే ఏమిటో తెలుసుకోవడానికి నేను మాస్కో దాకా పోనక్కరలేదు. హిందూపురం మా పార్లమెంటు నియోజకవర్గ కేంద్రం. అక్కడి అసెంబ్లీ స్థానం నుంచి 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు గెలిచారు. ఆయన రెండుసార్లు తిరిగి వచ్చారు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేస్తే, ప్రజలు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1989లో హిందూపురంలో ఆయన గెలిచినా రాష్ట్రంలో పార్టీ ఓడింది. ఐదేళ్లు ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1994 డిసెంబరులో 294 స్థానాల్లో 216 తెలుగుదేశానికి వచ్చాయి.

అప్పుడు నేనూ తొమ్మిదవ తరగతే. తెర మీద రాముడూ కృష్ణుడూ అయిన మనిషి కనక, ఉపమానం వెతుక్కోవలసిన పని కూడా లేదు. మా అవ్వ మాత్రం అన్నది: "ఆయప్ప రాముడైతే నాకేమిరా? రెండు రూపాయల బియ్యం వస్తాయా, రావా?" ఆ ఒక్క ప్రశ్నలో నా వ్యాసం కంటే ఎక్కువ విమర్శ ఉంది. ఆ గెలుపు వెనక కిలో రెండు రూపాయల బియ్యం హామీ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన స్త్రీల సారా వ్యతిరేకోద్యమం ఉంది. మద్యనిషేధం చేస్తామన్న మాట ఉంది. ఆయన్ను తెచ్చినవారు వీరు. కిరీటం, విల్లు కాదు.

ఐతే మన ఇల్లు శుభ్రంగా ఉందని చెప్పడానికి ఈ కథ ఎత్తలేదు. 1995 ఆగస్టులో శాసనసభ్యులు హోటలుకు చేరారు. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. తొమ్మిది నెలల కింద ఓటు వేసిన హిందూపురం ఓటరును ఎవరూ అడగలేదు. మన రాజ్యాంగంలో ముఖ్యమంత్రికి ఇన్ని పర్యాయాలే అన్న హద్దు లేదు. చంద్రబాబునాయుడు 2004లో ఓడి 2014లో వచ్చారు, 2019లో ఓడి 2024లో వచ్చారు. ఆయన మీద మన ఇష్టాయిష్టాలు ఎట్లా ఉన్నా, ఆ పోవడం నిజమైన పోవడం. పదవి, పోలీసు, ఖజానా మరొకరి చేతికి పోయాయి.

కాబట్టి తిరిగివచ్చిన నాయకుడి గురించి వాదించేటప్పుడు "మంచివాడా, చెడ్డవాడా" అన్న చోట ఆగిపోతే లాభం లేదు. నేను మూడు ప్రశ్నలు ప్రతిపాదిస్తాను. మొదటిది మా విద్యార్థిది: అతను నిజంగా పోయాడా? రెండవది మా అవ్వది: అతన్ని ఎవరు, ఏ అవసరానికి తెచ్చారు? మూడవది మనందరిదీ: రేపు వద్దనుకుంటే పంపించగలమా? మాస్కో విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు "లేదు". రెండవదానికి జవాబు సగం ప్రజల అవసరం, సగం ఇద్దరి ఒప్పందం. మూడవదానికి జవాబు తర్వాతి సంవత్సరాలు చెప్పాయి. 2020లో రాజ్యాంగం నుంచి ఆ "వరుసగా" అన్న మాటను తీసేశారు. వింటే హద్దు బిగించినట్టుంటుంది. కానీ అదే సవరణలో ఆయన పాత పర్యాయాలను లెక్కలోంచి కొట్టేశారు. రష్యన్లు దీన్ని "సున్న చేయడం" అన్నారు. 2036 దాకా దారి తెరుచుకుంది. పార్లమెంటులో ఈ ప్రతిపాదన తెచ్చినది వలెంతీనా తెరిష్కోవా. 1963లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మహిళ. మా నాయన పెట్టెలోని పాత పత్రికలో ఆమె బొమ్మ నేటికీ ఉంది.

రచయితలకు సంబంధించిన ఒక సంఘటనతో ముగిస్తాను. 2012 మే 7న పుతిన్ ప్రమాణం చేశాడు. ముందురోజు నిరసనకారులను వందల సంఖ్యలో అరెస్టు చేశారు. మే 13న బోరిస్ అకూనిన్, ద్మీత్రి బీకొవ్, లుద్మీలా ఉలీత్స్కయా మొదలైన రచయితలు, పూష్కిన్ విగ్రహం దగ్గర నుంచి గ్రిబొయేదొవ్ విగ్రహం దాకా ఊరికే నడిచారు. సొంత నగరంలో అనుమతి లేకుండా నడవగలమా అని పరీక్షించడమే వారి పని. వేలమంది పాఠకులు వెంట నడిచారు. ఆ రోజు ఎవరూ ఆపలేదు. తర్వాతి కాలంలో ఈ ముగ్గురినీ ప్రభుత్వం "విదేశీ ఏజెంట్ల" జాబితాలో చేర్చింది. ముగ్గురూ దేశం బయట బతుకుతున్నారు.

అదే నెలలో వాళ్లు నడుస్తుండగా నేనిక్కడ భరతుడి పోలిక చదువుతున్నాను. రష్యన్ సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాడు ఆ రోజు ఎవరి పక్కన నిలబడవలసిందో ఇప్పుడు చెప్పనక్కరలేదు. ఆ పాత వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అడివికి పోయినవాళ్లు వేరే ఉన్నారని మా విద్యార్థికి ఈసారి చెబుతాను.