స్వింగ్ బాగుచేసుకుంటుంటే ఆట ఎందుకు పాడవుతుంది?

ప్రశ్న: నాలుగైదేళ్ళుగా గోల్ఫ్ ఆడుతున్నాను. బంతి ఎప్పుడూ కుడివైపుకి వంగి పోతోందని ఒక కోచ్ దగ్గర చేరాను. ఆయన నా స్వింగ్ మొత్తం మారుస్తున్నారు. మూడు నెలలైంది. ఇదివరకు ఏదో ఒకలా ఆడేవాణ్ణి, ఇప్పుడు అదీ పోయింది. ఎందుకిలా? అసలు సాధన ఎలా చేయాలి?

జవాబు: స్వింగ్ మార్చుకునేటప్పుడు ఆట కొన్నాళ్ళు దిగజారడం మామూలే. అంతమాత్రాన కోచ్‌కి చేతకాదనీ కాదు, మీకు రాదనీ కాదు. బంతి ఎందుకు వంగుతుందో తెలిస్తే ఈ దిగజారుడు ఎందుకో కూడా తెలుస్తుంది. అందుకని అక్కడినుంచే మొదలుపెడదాం. ఈ లెక్కంతా కుడిచేతి వాటం వాళ్ళది.

బంతి క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు కాలం. ఆ కాస్తలో రెండు సంగతులు దాని గతిని తేల్చేస్తాయి: క్లబ్ ముఖం ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిన వస్తోంది. బంతి ఎటు బయల్దేరాలన్నది ఎక్కువగా ముఖం నిర్ణయిస్తుంది. ముఖానికీ దారికీ పొంతన లేకపోతే బంతి గాలిలో వంగుతుంది. తేడా ఎంత ఎక్కువైతే వంపు అంత ఎక్కువ. పాత పుస్తకాల్లో చాలావాటిలో ఈ సంగతి తలకిందులుగా ఉంటుంది, బంతి దారిని బట్టి బయల్దేరి ముఖాన్ని బట్టి వంగుతుందని. రాడార్‌తో పనిచేసే లాంచ్ మానిటర్లు వచ్చాక ఆ మాట నిలవలేదు. మీకు నేర్పినవాళ్ళు పాత లెక్క చెప్పి ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు మీ స్లైస్ సంగతి, అంటే బంతి కుడికి వంగిపోవడం. ఇది చాలామంది కథే. మొదట్లో ఎడమచేతి పట్టు బాగా ఎడమకి తిరిగి ఉంటుంది. తల వంచి చూస్తే ఆ చేతి కణుపు ఒక్కటే కనబడుతుంది. అలా పట్టుకుంటే బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ ముఖం తెరుచుకునే ఉంటుంది, బంతి కుడికి పోతుంది. పది బంతులు కుడికి పోయేసరికి మన బుర్ర మనల్ని అడక్కుండానే ఒక సర్దుబాటు చేసేస్తుంది, క్లబ్‌ను ఎడమకి లాగడం మొదలుపెడుతుంది. కుడిభుజం ముందుకు దూకుతుంది, క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. దీన్నే ఓవర్ ద టాప్ అంటారు. బంతి కాస్త ఎడమగా బయల్దేరి, కుడికి వంగి, చివరికి ఫెయిర్‌వే మీదో దాని అంచునో పడుతుంది. దూరం తగ్గుతుంది గానీ బంతి పోదు. అంటే మీ పాత ఆట రెండు తప్పుల మీద నిలబడింది. ఒకటి కుడికి తోస్తుంటే రెండోది ఎడమకి లాగుతోంది.

కోచ్ వాటిలో ఒకదాన్ని తీసేశారు. రెండోది అలాగే ఉంది. మీ స్కోరు పాడైంది అందుకే.

గ్రిప్ సరిచేశారనుకుందాం. ఎడమచేతి కణుపులు ఇప్పుడు రెండో, రెండున్నరో కనబడుతున్నాయి. ముఖం సరిగ్గా మూసుకుంటోంది, దారి మాత్రం ఇంకా పాతదే. దాంతో బంతి సూటిగా ఎడమవైపు చెట్లలోకి పోతుంది. మీరు తల పట్టుకుంటారు. కోచ్ మాత్రం ‘బాగుంది, అలాగే కొట్టండి’ అంటారు. ఆయన అన్నది నిజమే. బంతి ఎడమకి పోతుంటే బుర్రకి ఇక ఎడమకి లాగాల్సిన పని ఉండదు, దారి మెల్లగా దానంతటదే లోపలినుంచి రావడం మొదలవుతుంది. దారిని ముందు సరిచేసి గ్రిప్‌ను వదిలేసినా ఇదే ఇబ్బంది, కాకపోతే బంతి ఇంకా కుడికి పోతుంది. స్లైస్ ఉన్నవాళ్ళకు చాలామంది కోచ్‌లు గ్రిప్‌తో మొదలుపెట్టేది ఇందుకే. కాబట్టి ఈ మధ్యకాలంలో బంతి ఎక్కడ పడిందన్నది చూసి మీ ప్రగతిని కొలవొద్దు. అప్పటికి బంతి చెప్పేది సగం నిజమే.

రెండో కారణం వేగం. పై నుంచి క్లబ్ కిందికి వచ్చి బంతిని తాకడానికి సుమారు పావు సెకను పడుతుంది. కంటికి కనబడినదాన్ని బట్టి చేతిని సర్దుకోవడానికి ఇంచుమించు అంత కాలమూ కావాలి. అందుకని డౌన్‌స్వింగ్ మధ్యలో ‘అయ్యో, మోచెయ్యి’ అనుకుని సరిచేసుకోవడం ఎవరివల్లా కాదు. జరగాల్సినదంతా ముందే నరాల్లో కుదిరి ఉండాలి. ఆ కుదిరినది మీ పాత స్వింగ్. వేల సార్లు కొట్టి కుదుర్చుకున్నదాన్ని నాలుగు పాఠాలు చెరపలేవు. నిజానికి అది చెరగదు. దాని పక్కన కొత్తది పెరిగి, క్రమంగా ముందుకు రావాలి.

మూడోదే అసలైన చిక్కు. మనకు తెలిసేదీ జరిగేదీ ఒకటి కావు. కోచ్ మీ చేతుల్ని పట్టుకుని క్లబ్‌ను సరైన చోట నిలబెట్టినప్పుడు మీకు ఎలా ఉంటుంది? క్లబ్ వీపు వెనక ఎక్కడో వేలాడుతున్నట్టు, అలా కొడితే బంతి తగలదన్నట్టు ఉంటుంది. శరీరానికి అలవాటైనదే సరైనది. సరైన దారి దానికి వంకరగా అనిపిస్తుంది. తీరా మీరు నాలుగంగుళాలు మార్చాననుకున్నప్పుడు వీడియోలో చూస్తే అరంగుళం కూడా మారి ఉండదు. అందుకే కోచ్‌లు ‘మరీ ఎక్కువ చేసినట్టు అనిపించేదాకా చేయండి’ అంటారు. అతి అనిపించినప్పుడే చాలాసార్లు సరిపోతుంది.

దీనికి మందు ఫోన్ కెమెరా. స్లో మోషన్‌లో పెట్టండి. ఒకటి మీ వెనకనుంచి లక్ష్యంవైపు చూస్తూ, చేతుల ఎత్తులో. ఇంకొకటి ఛాతీకి ఎదురుగా. ప్రతిసారీ ఒకే చోట, ఒకే ఎత్తులో పెట్టాలి. కెమెరా అడుగు పక్కకి జరిగినా స్వింగ్ దారి మారినట్టు కనబడుతుంది. ఐదారు బంతులకొకసారి చూసుకుంటే చాలు.

ఇదంతా కొత్తగా ఆడేవాళ్ళ బాధ అనుకునేరు. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో సంగతి చూడండి. 1983లో యూరోపియన్ టూర్‌లో ఐదు పోటీలు గెలిచి ఆ ఏడాది డబ్బు సంపాదనలో అగ్రస్థానంలో నిలిచారు. పొడగరి, చూడముచ్చటైన లయ. అలాంటివాడు స్వింగ్ ఎందుకు మార్చుకోవాలి? ఆయన స్వింగ్ టైమింగ్ మీద బతికేది. కాళ్ళు ముందు జారితే చేతులు సరిగ్గా సమయానికి వచ్చి అందుకోవాలి. మామూలు రోజుల్లో అందేవి. పెద్ద పోటీల్లో చివరి రోజు ఒత్తిడిలో అందేవి కావు. చేతికొచ్చిన మేజర్లు జారిపోతుంటే పత్రికలవాళ్ళు పేరు మార్చి ఎగతాళి చేశారు. ఆయన డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ దగ్గరికి వెళ్ళి మొత్తం మార్చమన్నారు. కాళ్ళ హడావిడి తగ్గించి, మొండెం తిరుగుడుకి చేతుల్ని కట్టిపడేసే స్వింగ్ అది. దానికి రెండేళ్ళ దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో గెలుపులు లేవు. ఫ్లోరిడా ఎండలో రోజుకి వందల బంతులు కొట్టారు. 1987 జులైలో స్కాట్లండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ చివరి రోజున, పద్దెనిమిది హోల్స్‌లో పద్దెనిమిదీ పార్ ఆడి ఒక్క షాట్ తేడాతో గెలిచారు. ఒక్క బర్డీ లేదు, ఒక్క బోగీ లేదు. ఆ తర్వాత ఇంకో ఐదు మేజర్లు వచ్చాయి. నాకు ఆ పద్దెనిమిది పార్లు ఎంతో విలువైనవిగా కనబడతాయి. ఆయన మార్చుకున్నది సరిగ్గా ఆ రోజు కోసమే, అందమైన షాట్ కోసం కాదు.

టైగర్ వుడ్స్ కూడా 1997లో మాస్టర్స్‌ను పన్నెండు షాట్ల తేడాతో గెలిచాక, తన టేపులు చూసుకుని, కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగ్ మార్చుకున్నారు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్కటే గెలుపు. 1999లో ఎనిమిది, 2000లో తొమ్మిది.

ఇక సాధన ఎలా చేయాలన్న ప్రశ్న. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. సరళీ వరసలు మొదటి కాలంలో శుద్ధంగా పలకందే గురువు రెండో కాలానికి వెళ్ళనివ్వరు. అపస్వరం వేగంలో దాక్కుంటుంది, చౌక కాలంలో బయటపడుతుంది. స్వింగ్‌కీ అంతే. మొదట బంతి లేకుండా, నీళ్ళలో నడిచినంత నిదానంగా, ఇంట్లో అద్దం ముందు చేయండి. తర్వాత అరవేగంతో, 7 ఐరన్‌తో, బంతిని చిన్న టీ మీద పెట్టి నడుము ఎత్తునుంచి నడుము ఎత్తుదాకా. అక్కడ తప్పిందా, మళ్ళీ బంతి లేని దశకి రండి. డ్రైవర్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. బంతి కనబడగానే శరీరానికి దాన్ని కొట్టాలన్న ఆత్రం పుడుతుంది. ఆ ఆత్రంలో బయటికి వచ్చేది పాత స్వింగే.

ఒకసారికి ఒకటే మార్పు. గ్రిప్ గురించి, భుజం గురించి, బరువు మోపడం గురించి ఒకేసారి ఆలోచిస్తే పావు సెకనులో ఒక్కటీ పట్టదు. ఆ ఒక్కటి కూడా వీలైతే శరీరం లోపలి సంగతి కాకుండా బయట కనబడేదై ఉండాలి. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె సహచరులు గోల్ఫ్ ఎరగనివాళ్ళతో పిచ్ షాట్లు ఆడించి చూశారు. చేతుల కదలిక మీద మనసు పెట్టినవాళ్ళకంటే క్లబ్ ఊపు మీద మనసు పెట్టినవాళ్ళ గురి మెరుగ్గా వచ్చింది. మీ స్లైస్‌కి దీన్ని ఇలా వాడుకోవచ్చు. బంతికి అవతలివైపు, అంటే మీ కాళ్ళకి దూరంగా ఉన్న పక్కన, జానెడు వెనక్కి ఒక ఖాళీ నీళ్ళ సీసా నిలబెట్టండి. క్లబ్ బయటినుంచి కోసుకొస్తే సీసా ఎగిరిపోతుంది. సీసాని తాకకుండా బంతిని కొట్టాలి, అంతే. మోచెయ్యి ఎక్కడుండాలి, భుజం ఎప్పుడు తిరగాలి అన్నవి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. మొదటిరోజు సీసా చాలాసార్లు పడుతుంది. నిదానంగా ఊపితే నిలబడుతుంది, వేగం పెంచగానే మళ్ళీ పడుతుంది. ఏ వేగం దగ్గర పడుతోందో అదే ఈ వారం మీ సాధన ఉండాల్సిన చోటు.

కొన్ని వారాలకి కదలిక కుదురుతుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. రేంజ్‌లో ఒకే క్లబ్‌తో, ఒకే గురికి యాభై బంతులు కొడితే నలభయ్యో బంతి అద్భుతంగా పోతుంది. ఆ సంతోషంతో గోల్కొండ నయా ఖిల్లా కోర్సుకో, విశాఖ ఈస్ట్ పాయింట్‌కో వెళ్తే మొదటి టీ దగ్గరే పాత స్లైస్ ఎదురొస్తుంది. కోర్సులో ఒకే షాట్ రెండుసార్లు వరసగా రాదు కదా. 1979లో షే, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికల వరసలు నేర్పి చూశారు. ఒక వరసనే పదేపదే చేసినవాళ్ళు సాధనలో ముందున్నారు. వరసలు మార్చి మార్చి చేసినవాళ్ళు సాధనలో తడబడ్డారు గానీ, తర్వాత పరీక్షలో వాళ్ళకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి కదలిక కుదిరాక ప్రతి బంతికీ క్లబ్ మార్చండి, గురి మార్చండి, ప్రతిసారీ వెనక్కి వచ్చి మళ్ళీ నిలబడండి. బంతులు సగానికి తగ్గుతాయి, ఫలితాలు చెడ్డగా కనబడతాయి, నేర్పు మాత్రం నిలుస్తుంది. వారానికొకరోజు రెండు గంటలు కొట్టడంకంటే రోజూ పావుగంట చేయడం మేలు. ఎండాకాలంలోనైతే తెల్లవారుజామున తప్ప మన దగ్గర వేరే మార్గం లేదు.

కోర్సులో ఉన్నప్పుడు మాత్రం సరిదిద్దుకోవద్దు. సాధన రోజు సాధన, ఆట రోజు ఆట. ఈ కొన్ని నెలలు స్కోరు కార్డు రాయకుండా ఆడే రోజులు కొన్ని పెట్టుకోండి. పందెం కట్టే ఆటలు మానేయండి, ఒత్తిడిలో పాతదే ముందుకొస్తుంది.

చివరగా, అందరూ స్వింగ్ మార్చుకోవాలా? అక్కర్లేదు. జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ పైన పెద్ద గిరికీ కొట్టి కిందికి దిగుతుంది, ఏ పుస్తకంలోనూ కనబడదు. ఆయనకి నేర్పిన తండ్రి దాన్ని మార్చలేదు. 2003లో యూఎస్ ఓపెన్ గెలిచారు, 2016లో ఒక రౌండ్ 58కి ఆడారు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగలకి వెన్నెముక వంపు ఉంది, వైద్యులు స్కోలియోసిస్ అంటారు. అందరిలా నిటారుగా తిరగడం ఆ ఒంటికి కుదరదు. ఆ ఒంటికి సరిపోయిన స్వింగ్‌తోనే 2023 సెప్టెంబరులో పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. ఈ ఇద్దరి స్వింగ్‌లూ చూడటానికి వింతగా ఉన్నా బంతి దగ్గర మాత్రం ముఖం, దారి ప్రతిసారీ ఒకేలా వస్తాయి. మీ నడుము, మోకాళ్ళు, వయసు ఒప్పుకోని ఆకారాన్ని టీవీలో చూసి కోరుకోవద్దు. నొప్పి వస్తే ఆ మార్పు మీది కాదు.

వచ్చే పాఠంలో మీ మొదటిరోజు వీడియోనీ ఇప్పటి వీడియోనీ పక్కపక్కన పెట్టి చూపమని కోచ్‌ను అడగండి. క్లబ్ వచ్చే దారి లోపలికి జరిగి ఉంటే, స్కోరు ఎంత చెడ్డగా ఉన్నా కొనసాగండి. బంతులు ఎడమకి పోతున్నా సరే. మూడు నెలల తర్వాతా రెండు వీడియోలూ ఒకేలా ఉండి, ఏం మారుస్తున్నారో, ఎందుకో ఆయన మీకు అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్పలేకపోతే, ఇంకో కోచ్‌ను చూసుకోవచ్చు.