వజ్రంలో కరెంటు పారుతుందా?

రామగుండంలో బొగ్గు మండితే కరెంటు పుడుతుంది. అది ఆదిలాబాద్ ఊళ్ల దాకా వచ్చేసరికి కొంత తీగల్లోనే వేడిగా మారి పోతుంది. లైన్ లాస్ అనేది దీన్నే. తీగలో ఎలక్ట్రాన్లు అడుగడుగునా తగులుకుంటూ పోవడం వల్ల ఈ నష్టం. ఏ అడ్డూ లేకుండా కరెంటును పారనిచ్చే పదార్థాలూ ఉన్నాయి. వాటిని సూపర్ కండక్టర్లు అంటారు. 1911లో పాదరసంలో ఈ గుణం మొదటిసారి బయటపడింది. 2004లో వజ్రంలో కనిపించింది.

ఇది వింతే. ఎందుకంటే అసలు వజ్రంలో కరెంటే పారదు. వజ్రమంటే మన సింగరేణి బొగ్గులో ఉండే కార్బనే. కాకపోతే ఇందులో ప్రతి పరమాణువు తన నాలుగు బయటి ఎలక్ట్రాన్లతో నాలుగు పక్కల గట్టిగా ముడిపడి ఉంటుంది, కదలడానికి చోటుండదు. బోరాన్‌కు అలాంటి ఎలక్ట్రాన్లు మూడే. కార్బన్ చోట బోరాన్ కూర్చుంటే ఒక ఖాళీ మిగులుతుంది. నమాజుకు నిలబడేటప్పుడు సఫ్‌లో ఖాళీ కనిపిస్తే పక్కవారు జరుగుతారు, వారి చోట్లోకి ఇంకొకరు వస్తారు కదా, ఎలక్ట్రాన్లూ అట్లనే జరుగుతాయి. ఆ జరగడమే కరెంటు.

బోరాన్ ఉన్న వజ్రం మన తెలుగు నేలకు కొత్త కాదు. కుతుబ్‌షాహీల రాజ్యంలో, కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే నీలి హీరా ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ‘హోప్’ పేరుతో ఉంది. బరువు 45.52 క్యారెట్లు. ఆ నీలం రంగు బోరాన్ వల్లే వచ్చింది. అయితే లక్షల కార్బన్ పరమాణువులకు ఒకటీ అరా బోరాన్ మాత్రమే ఉంది కాబట్టి అందులో కరెంటు అంతంతే.

రష్యాలో ఎకిమోవ్ బృందం గ్రాఫైట్, బోరాన్ కార్బైడ్ కలిపి దాదాపు లక్ష వాతావరణాల ఒత్తిడిలో, 2,200 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచింది. నూటికి సుమారు మూడు బోరాన్ పరమాణువులున్న వజ్రం తయారైంది. దాన్ని బాగా చల్లబరిస్తే మైనస్ 269 డిగ్రీల దగ్గర సూపర్ కండక్టర్‌గా మారడం మొదలైంది. అంత చలిలో వజ్రపు అల్లికలోని కంపనాలు కరెంటు మోసేవాటిని జంటలుగా కలుపుతాయి. వేడి పెరిగితే ఆ జంటలు విడిపోతాయి, గుణమూ పోతుంది. తర్వాత జపాన్‌లో పలుచని వజ్రపు పొరలతో మైనస్ 262 డిగ్రీల దాకా తెచ్చారు. అదీ గడ్డకట్టే చలే.

కాబట్టి మన స్తంభాలకు వజ్రపు తీగలు రావు, ఆ ఆశ వద్దు. ఎంఆర్ఐ మిషన్లో సూపర్ కండక్టర్ చుట్టలుంటాయి గానీ అవి నియోబియం, టైటానియం కలిపిన తీగలు. వాటికీ ద్రవ హీలియం పోయాల్సిందే. ఆ స్కాన్ ఖరీదులో ఈ చల్లదనం వాటా కూడా ఉంది.

బోరాన్ వజ్రానికి ఇప్పటికే దొరికిన పని వేరే ఉంది. మురుగునీటిని శుద్ధి చేసే ఎలక్ట్రోడ్లపై దీన్ని పూతగా వాడుతున్నారు. దానికి హీలియం అక్కర్లేదు, మామూలు వాతావరణం చాలు.