క్యాను కడగడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు

పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లారేసరికి గడ్డ పెరుగవుతుందని ఇంటింటా తెలిసిన సంగతే. క్యాను మూతకుండే రబ్బరు రింగు వెనుక నిన్నటి పాలు కాస్త మిగిలినా, అదీ ఈ రోజు పాలకు తోడు వేసినట్లే. పాలు పులియడానికి కంటికి కనిపించని సూక్ష్మజీవులే కారణమని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857లోనే వివరించాడు. వెచ్చని పాలలో కొన్ని సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి 6 గంటల్లో 4,096 అవుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే అయిజ ప్రాంతంలో ఈ లెక్కను మరువరాదు.

40 లీటర్ల క్యానులో రెండేసి లీటర్లు పోసిన 20 మంది పాలు ఉంటాయి. శీతలీకరణ కేంద్రంలో కాచి చూసే పరీక్షలో అవి విరిగితే క్యాను మొత్తం తిరస్కరిస్తారు. శుభ్రంగా పితికి తెచ్చిన ఒంటి గేదె ఆసామి కూడా ఆ నష్టంలో పాలు పంచుకోవలసి వస్తుంది.

రెండు పనులు, రెండు ఫలితాలు

తనిఖీకి వెళ్లినప్పుడు కొన్ని సంఘాలలో, “బ్లీచింగు నీళ్లతో తిప్పాము గదా సార్, ఇంకేం కడగాలి?” అని అడుగుతుంటారు. కడగడమంటే జిడ్డును, పాల మురికిని తొలగించడం. క్రిమిరహితం చేయడమంటే ఆ తరువాత మిగిలిన సూక్ష్మజీవులను చంపడం. మురికి ఉన్నచోట క్లోరిన్ బలం మురికి మీదనే ఖర్చవుతుంది. దాని చాటున ఉన్న క్రిములు బ్రతికిపోతాయి. కనుక మొదటి పని సరిగా చేయనిదే రెండవ పనికి ఫలితం లేదు.

క్యాన్లు కడిగే వరుస

1. క్యాను ఖాళీ కాగానే చల్లని నీటితో తొలపాలి. మొదటే మరిగే నీళ్లు పోయరాదు. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గిన్నెను పట్టుకున్నట్లు, పాలలోని మాంసకృత్తులు లోహానికి పట్టుకుంటాయి.

2. 10 లీటర్ల గోరువెచ్చని నీటిలో 50 నుండి 100 గ్రాముల చాకలి సోడా కరిగించి బ్రష్షుతో రుద్దాలి. మెడ మలుపు, అడుగు అంచు, మూత లోపలి భాగం విడువరాదు. రబ్బరు రింగును ఊడదీసి విడిగా కడగాలి. అల్యూమినియం క్యాన్లకు సిలికేటు కలిసిన పాల సామగ్రి పొడి మేలు. కాస్టిక్ సోడా ఆ లోహాన్ని తినివేస్తుంది.

3. మంచి నీటితో రెండుసార్లు తొలపాలి. నీరు లోపలి గోడపై పలుచని పొరగా జారితే జిడ్డు పోయినట్లు. చుక్కలు చుక్కలుగా నిలిస్తే మళ్లీ రుద్దాలి.

4. క్యాన్లను బోర్లించి, నేలకు తగలకుండా స్టాండుపై ఎండలో ఆరబెట్టాలి. గుడ్డతో తుడవరాదు. గుడ్డలోని క్రిములు మళ్లీ క్యానులో చేరతాయి.

5. పాలు పోసే ముందు క్రిమిరహితం చేయాలి. ఆవిరి సౌకర్యం లేనిచోట 10 లీటర్ల నీటికి 8 గ్రాముల బ్లీచింగు పౌడరు చాలు. ఇది 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరుకు లెక్క. తేరిన నీటినే వాడాలి. లోపలంతా తడిసేలా రెండు నిమిషాలు ఉంచి పారబోసి, చుక్క మిగలకుండా ఓడ్చాలి. ఎక్కువసేపు ఉంచితే లోహం దెబ్బతింటుంది.

బోరు నీళ్లలో సబ్బు నురగ రాని గ్రామాలలో ఇంకొక చిక్కుంది. ఆ నీటిలోని సున్నపు లవణాలు పాల మురికితో కలిసి తెల్లని గరుకు పొరగా పేరుకుంటాయి. దీనినే పాలరాయి అంటారు. ఇది సోడాకు లొంగదు, ఆమ్లం కావాలి. సంఘంలో స్వయంగా ప్రయత్నించక అటువంటి క్యాన్లను శీతలీకరణ కేంద్రానికి పంపాలి. బ్లీచింగు నీటిలో ఆమ్లం కలిస్తే ప్రమాదకరమైన విషవాయువు వెలువడుతుంది. వెన్న పరీక్షకు వాడే ఆమ్లాన్ని దాని దరిదాపుల్లో ఉంచరాదు.

శాంపిలు సీసాల సంగతి

క్యానుపై చూపే శ్రద్ధ సీసాపై చూపకపోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. 50 మిల్లీలీటర్ల శాంపిలులో అర చెంచాడు, అంటే రెండున్నర మిల్లీలీటర్ల కడిగిన నీరు మిగిలి ఉన్నదనుకోండి. 6.0 శాతం వెన్న గల పాలు 5.7గా, 9.0 ఎస్.ఎన్.ఎఫ్. గల పాలు 8.55గా తేలుతాయి. రైతు నీళ్లు కలపకపోయినా కలిపినట్లు లెక్క వస్తుంది, ధర తగ్గుతుంది. ఇక మురికి సీసాలో పాలు గడ్డ కడితే వెన్న సమంగా కలవదు, ఆ పరీక్షను నమ్మడానికి వీలుండదు.

కనుక సీసాలను, మూతలను సన్నని బ్రష్షుతో సోడా నీటిలో కడిగి, తొలిపి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. తడి సీసాలో శాంపిలు తీయరాదు.

సభ్యులు కూడా పాలు పోసేటప్పుడు, “సీసా ఆరిందా?” అని అడగవచ్చు. అది తగవు కాదు, సభ్యుని హక్కు. సోడాకు, బ్రష్షులకు అయ్యే ఖర్చును పాలకవర్గాలు తప్పక మంజూరు చేయాలి. తిరస్కరించిన ఒక్క క్యాను ధరతో పోలిస్తే అది స్వల్పం.