చెక్కను చూశాకే రంగు మాట
వంటింటి అలమరకు రంగు వేయాలా, పాలిష్ పట్టించాలా?

ఏటూరునాగారం:

ఇల్లు కట్టడం ఒక ఎత్తయితే వంటింటికి అలమర చేయించడం మరో ఎత్తు. గోడలు లేచి, స్లాబు పడి, వడ్రంగి ఇంట్లో దిగాక ఆలుమగల మధ్య మొదలయ్యే తగవు ఇదే. 'టేకు తెచ్చి దానిమీద రంగు పులుముతామా? నలుగురూ చూడొద్దా?' అని ఆయన. 'చూసేది నలుగురు, తుడిచేది నేను. రంగయితే జిడ్డు సబ్బునీళ్లతో పోతుంది' అని ఆమె. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాని ఈ తగవు తీర్చవలసింది వారిద్దరూ కాదు, చెక్క.

ఒకవైపు గోదావరి, మరోవైపు 1952లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2019 నుంచి ములుగు జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో కలప కొత్త కాదు. వంటింటి అలమరే కొత్త. వెనుకటి వంటిళ్లలో గోడ గూళ్లు, ఉట్లు, అటకలే సామాను దాచుకునే చోట్లు. కట్టెల పొయ్యి మసికి ఏ రంగయినా ఏడాది తిరక్కుండా నల్లబడేది. 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం పల్లెలకు గ్యాసు పొయ్యి తెచ్చాక మసి తగ్గింది, తలుపుల అలమరలు వచ్చాయి. వాటితోపాటే ఈ ప్రశ్న కూడా వచ్చింది.

చేవా? తెల్లచెక్కా?

టేకు దుంగను అడ్డంగా కోస్తే నడుమ తేనెరంగులో కనిపించేది చేవ. దాని చుట్టూ పాలిపోయినట్టుండేది తెల్లచెక్క. చేవలో సహజంగా నూనె ఉంటుంది. చెదలకు గిట్టని పదార్థాలూ ఉంటాయి. అవి తెల్లచెక్కలో లేవు. పేరు టేకే అయినా తెల్లచెక్కను చెద వదలదు. పొలం గట్ల మీద పెంచి లేతవయసులోనే కొట్టిన చెట్లలో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ.

చిక్కంతా ఇక్కడే. లప్పం పెట్టి రంగు కొట్టాక చేవా ఒకటే, తెల్లచెక్కా ఒకటే. ముడులు, పగుళ్లు, అతుకులు అన్నీ లప్పం కింద దాగుతాయి. రంగు వేసిన అలమరను అంగడిలో కొనేవారు తలుపు వెనుక, సొరుగు అడుగున, కీలు బిగించిన చోట చూడాలి. రంగు తగలని చెక్క ఎక్కడో ఒకచోట కనపడకపోదు. ఇంట్లోనే చేయించుకునేవారు లప్పం డబ్బా మూత తీయకముందే పలకలన్నీ ఒకసారి పగటి వెలుతురులో చూసుకోవాలి.

తెలుగునాట బొమ్మలు చేసేవారికి ఈ లెక్క ఎప్పటినుంచో తెలుసు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు తేలికైన, మెత్తని పునికి చెక్క వాడతారు. దానిమీద నిండుగా రంగు వేస్తారు. ఆ చెక్కకు అందం తెచ్చేది రంగే. చేవగల టేకు సంగతి వేరు. దాని చారలే దాని అందం. ఏగిస కూడా అలాంటిదే, కాని నీళ్లలో నానితే రంగు దిగుతుంది. కాబట్టి పాలిష్ లేకుండా పచ్చిగా వదలరాదు. మామిడి వంటి చెక్కకు, అతుకులు ఎక్కువగా ఉన్న పలకలకు రంగే తగినది.

రంగులో మంచి, చెడ్డ

ఎనామిల్ రంగు గట్టి పొరగా నిలుస్తుంది. తాలింపు జిడ్డు, పసుపు చేయి తడిగుడ్డతో పోతాయి. చీకటి వంటింట్లో లేతరంగు అలమర వెలుతురు పెంచుతుంది. అయితే చెక్క వానకాలం ఉబ్బుతుంది, ఎండకాలం కుంచించుకుంటుంది. ఆ కదలికకు ముందుగా పగిలేది అతుకుల దగ్గరి రంగు పొర. పగులులోంచి తడి లోపలికి పోతే పొర లేచిపోతుంది. తలుపు ముందువైపు రంగు వేసి వెనుకవైపు వదిలేస్తే పలక ఒకవైపే తడి పీల్చి వంగుతుంది. రెండువైపులా వేయడం తప్పనిసరి. లోపలి అరలకు రంగు వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచాలి. లేకుంటే బియ్యానికి, పప్పులకు ఆ వాసన పడుతుంది.

పాలిష్‌లో మూడు దారులు

మొదటిది లక్క పాలిష్. మోదుగ, రేగు వంటి చెట్లమీద చిన్న పురుగులు కట్టే లక్కను శుద్ధిచేసి, స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో చుట్టి రుద్దుతారు. మెరుపులో దీనికి సాటి లేదు. కాని వేడి గిన్నె పెట్టినా, నీళ్లు నిలిచినా తెల్లమచ్చ పడుతుంది. పొయ్యి పక్కన, నీళ్ల తొట్టి దగ్గర పనికిరాదు. రెండవది వార్నిష్. రంగులాగే పొర కడుతుంది, చారలు మాత్రం కనిపిస్తాయి. వంటింటికి లక్క పాలిష్ కన్నా ఇదే మేలు. మూడవది ఉడికించిన అవిసె నూనె. పలుచగా పట్టించి, మిగిలింది తుడిచేయాలి. అప్పుడప్పుడు మళ్లీ పట్టించాలి. పని సులువే, కాని ఒక ప్రమాదం ఉంది. ఈ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని విడివిడిగా ఆరుబయట ఆరబెట్టాలి, లేదా నీళ్లలో వేయాలి.

పాలిష్‌కున్న గొప్ప సుగుణం మరమ్మతు. గీత పడితే ఆ ఒక్కచోట ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ పట్టించవచ్చు. రంగు లేస్తే తరచుగా తలుపంతా గీకవలసి వస్తుంది.

గోదావరి తడి

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి మండలంలోని కొండాయి మునిగింది. వరద తగ్గగానే ఇల్లు కడిగి, తడిసిన అలమరకు రంగు వేయించాలని తొందరపడడం సహజం. అది నష్టం. నానిన చెక్కమీద వేసిన రంగు తడిని లోపలే బంధిస్తుంది. పొర బుడగలెత్తుతుంది, లోపల చెక్క కుళ్లుతుంది. తలుపులు ఊడదీసి, నీడలో గాలి తగిలేటట్టు పూర్తిగా ఆరనివ్వాలి. ముసురు రోజుల్లో లక్క పాలిష్ పట్టినా తెల్లబారుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఏ పూతకైనా అనువైన కాలం. గోడలోకి పోయే చెక్కకు ముందే తారు పూస్తే చెదకు, చెమ్మకు కొంత అడ్డు. చెదల మందని పాత ఇంజన్ ఆయిల్ పూయడం వంటింట్లో తగదు.

పాత రంగు గీకేటప్పుడు

అన్నిటికన్నా ముఖ్యం పిల్లల సంగతి. పాతకాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము అన్నంలో, పసిపిల్లల చేతుల్లో పడుతుంది. సీసం పిల్లల మెదడుకు చేటు. తడిపి గీకాలి. గిన్నెలు, దినుసులు ముందే బయట పెట్టాలి. పిల్లలను, గర్భిణులను ఆ దరికి రానీయరాదు. పెచ్చులను ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తాలి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం గురించి దానిమీద రాసింది చదవాలి.

టేకు కొనేవారు కలపతోపాటు రవాణా పర్మిట్, దుంగపై సుత్తె ముద్ర కూడా చూసుకోవడం మంచిది. కాగితం లేని కలప ఇంటికి వస్తే కేసు కూడా వెంట వస్తుంది. రంగు కింద దాచినా అది దొంగ కలపే.

ఇక ఆలుమగల తగవుకు వద్దాం. ఇద్దరూ నెగ్గే దారి ఒకటుంది. పైవరుస తలుపులు చేవచెక్కతో చేయించి వార్నిష్ పట్టించవచ్చు. పొయ్యి పక్కన, నీళ్ల తొట్టి కింద ఉండే తలుపులకు రంగు వేయించవచ్చు. ఏది దేనికో తేలకపోతే ఒక చిన్న పరీక్ష చాలు. చిత్రిక పట్టిన పలకను తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి చూడాలి. పాలిష్ పట్టాక ఎలా ఉంటుందో ఆ తడి ఆరేలోపు కనిపిస్తుంది. చారలు కళకళలాడితే పాలిష్‌కు, వెలవెలబోతే రంగుకు చెప్పుకోవచ్చు.