కొండ సైకిలు కూర్పు: విడి భాగముల పొంతన

మనవారు గేరు సైకిలని పిలుచుకొను వాహనములలో కొండదారులకై యేర్పడినదానికి మౌంటెన్ బైకు అని ప్రసిద్ధి. తెలుగున కొండ సైకిలు అనిన సరిపోవును. లావైన టైర్లు, వెడల్పైన తిన్నని హ్యాండిలు, వెనుక చక్రముపై క్రమముగా పెరుగు పళ్ళచక్రములు, గట్టి బ్రేకులు దీని గుర్తులు. కంపెనీ పంపిన సైకిలును బిగించి యిచ్చుట మన బజారులలో తరతరములుగా సాగుచున్న పనియే. లూధియానాలోనో అంబత్తూరులోనో తయారైన సైకిలు భాగములుగా విడివడి రైలెక్కి వచ్చి, షాపువాని చేతిలో మరల సైకిలగును. అచట భాగములన్నియు ఒక్క కుదురునకు చెందినవి. పానా పట్టనేర్చిన చేయి యున్న చాలును. ఫ్రేము ఒకచోట, ఫోర్కు వేఱొకచోట, హబ్బులు మఱియొకచోట కొని కొండ సైకిలును కూర్చుట అట్టిది కాదు. తొలిసారి ఈ పనికి పూనుకొనువాడు సామాన్యముగా చిక్కుపడునది పానా వద్ద కాదు, కొలబద్ద వద్ద.

ఈ విషయమును హట్టివంటి ఊరిని దృష్టిలో నుంచుకొని విచారించుటకు కారణము కలదు. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని యీ బంగారు గనుల పట్టణము కృష్ణా తుంగభద్రల నడిమి అంతర్వేదియందున్నది. 1956 వఱకు ఈ సీమ హైదరాబాదు రాజ్యములోనిది. 1947లో స్థాపితమైన హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీయే తరువాత హట్టి పేరు ధరించినది. 2001లో కోలారు గనులు మూతపడిన పిమ్మట దేశమున బంగారము త్రవ్వు పనిలో హట్టికి ప్రాధాన్యము మఱింత హెచ్చినది. ఈ సీమలో రాళ్ళను శోధించుటయు చరిత్రను శోధించుటయు ఒక్కొక్కప్పుడు ఒకటే యైనవి. సమీపమున నున్న మస్కిలో అశోకుని పేరు గల శిలాశాసనమును 1915లో కనుగొన్న బీడన్ దొర గనుల ఇంజనీరే.

గని ఊరిలో ఫిట్టరు పని యెఱిగినవారికి కొదువ యుండదు. మర యనగా నేమో, బేరింగు అనగా నేమో వారికి ఒకరు చెప్పనక్కఱలేదు. అయినను కొండ సైకిలు భాగములు కావలసినచో పార్సిలుపై ఆధారపడవలసినదే. పొరపాటున తప్పు కొలత భాగము వచ్చినచో మరల పంపి, మరల తెప్పించుకొనునప్పటికి దినములు గడచిపోవును. కొన్నిటిని ఒకసారి బిగించినపిమ్మట అమ్మినవాడు తిరిగి తీసికొనడు. నేల సంగతి చూతమన్నను సులభము కాదు. నల్లరేగడి వానకు తడిసి చక్రమునకును ఫోర్కునకును నడుమ పేరుకొనును. ఎండకాలమున రాతిగుట్టల నడిమి కాలిబాటలలో సర్కారు తుమ్మ ముండ్లు టైర్ల పాలిటి శత్రువులు; కన్నడిగులు దీనినే బళ్ళారి జాలి యందురు. కావున సన్నని టైరు ఇచట పనికిరాదు. టైరుకు తగిన ఖాళీ ఫ్రేములోను ఫోర్కులోను ఉన్నదా యని కొనకముందే కొలిచి చూడవలెను.

అసలు కొండ సైకిలు పుట్టుకయే విడి భాగముల కూర్పునుండి జరిగినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మరీన్ కౌంటీలో టామల్‌పాయిస్ అను కొండ కలదు. 1970 ప్రాంతములందు అచటి యువకులు 1930లనాటి ష్విన్ కంపెనీ పాత సైకిళ్ళను చవుకగా కొని, ఆ కొండనుండి క్రిందికి తోలుచుండిరి. 1976 అక్టోబరు 21న మొదలైన పందెపు బాటకు రీప్యాక్ అని పేరు. రెండు మైళ్ళకు కొంచెము మించిన దూరములో 1300 అడుగులు దిగవలసియుండగా, పెడలు వెనుకకు త్రొక్కిన పట్టు పాతకాలపు హబ్బు బ్రేకులు కాగి, లోపలి గ్రీజు కాలి పొగయై పోయెడిది. ప్రతి పరుగు తరువాత హబ్బును విప్పి క్రొత్త గ్రీజు నింపవలసివచ్చెను. మరల నింపుట యను అర్థమున ఆ పేరు వచ్చినది. ఆ బృందములోని గ్యారీ ఫిషర్ వంటివారు పాత ఫ్రేములకు గేర్లను, మోటారు సైకిలు బ్రేకు పిడులను తగిలించిరి. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకముగా క్రోమియము మాలిబ్డినము ఉక్కు గొట్టములతో ఫ్రేమును నిర్మించెను. ఆ మొదటి సైకిలు నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రముగా నున్నది. 1979లో ఫిషరు, చార్లీ కెల్లీ కలిసి అమ్మిన సైకిళ్ళకు ఫ్రేములు కట్టినవాడు టామ్ రిచీ. వానిలో ఫ్రాన్సు దేశపు క్రాంకులు, జపాను దేశపు గేర్లు, జర్మనీ దేశపు బ్రేకు పిడులు కలిసి పనిచేసినవి. నాలుగు దేశముల సరకు ఒక్క ఫ్రేమునందు పొసగినదనిన, దానికి వెనుక ఎంత కొలత, ఎంత ఆకురాయి పని జరిగియుండునో ఊహింపవచ్చును. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అను సైకిలును పెద్దయెత్తున తయారుచేయించి అమ్మినపిమ్మట గాని కొండ సైకిలు బజారు సరకు కాలేదు.

ఇక కొలతల విషయము. మొదటి ఉచ్చు చక్రమునందే యున్నది. మన బజారులో 26 అంగుళముల టైరు అనిన మాటకు ఒక్క అర్థము లేదు. ఆడువారి సైకిళ్ళకు వాడు 26 × 1⅜ టైరు కూర్చుండు రిమ్ము వ్యాసము 590 మిల్లీమీటర్లు. కొండ సైకిలుకు వాడు 26 × 2.1 టైరు కూర్చుండు రిమ్ము వ్యాసము 559 మిల్లీమీటర్లు. పేరు ఒక్కటే, తేడా 31 మిల్లీమీటర్లు. ఒకటి రెండవదానిపై ఎంత లాగినను ఎక్కదు. ఎక్కినట్లు తోచినను నిలువదు. భిన్నముతో వ్రాసిన సంఖ్య ఒక జాతి, దశాంశముతో వ్రాసినది మఱియొక జాతి యని గుర్తుంచుకొనవచ్చును. తరువాత వచ్చిన 27.5 అంగుళముల చక్రమునకు 584, 29 అంగుళములదానికి 622. మన పెద్ద నల్ల సైకిలు 28 × 1½ టైరుకు 635. టైరు ప్రక్కన సన్నని అక్షరములలో 54-559 వంటి జంట సంఖ్య ముద్రించియుండును. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసము. ఆ రెండవ సంఖ్యను నమ్మవలెనే గాని అంగుళముల పేరును నమ్మరాదు.

రెండవది వెనుక హబ్బు వెడల్పు. పాత కొండ సైకిలు ఫ్రేములలో ఇది 135 మిల్లీమీటర్లు. క్రొత్తవానిలో లావు ఇరుసుతో 142, 148 కూడ కలవు. ఉక్కు ఫ్రేమును కొంచెము సాగదీయుదురు గాని అల్యూమినియము ఫ్రేమును సాగదీయుట ప్రమాదము. చైనులో లంకెల నడిమి దూరము అన్ని గేరు సైకిళ్ళకును అర అంగుళమే. వెడల్పు మాత్రము మారును: వెనుక ఎనిమిది పళ్ళచక్రములున్నచో చైను వెలుపలి వెడల్పు సుమారు 7.1 మిల్లీమీటర్లు, తొమ్మిదింటికి 6.6, పదింటికి 5.9. వెడల్పైన చైను ఇఱుకైన వరుసలో ప్రక్క చక్రమును ఒరసికొనును. గేరు మార్చు పిడియు, వెనుక చైనును జరుపు సాధనమును ఒక్క కంపెనీవి, ఒక్క తరమువి యగుట మేలు; పిడి ఒక్క మెట్టు కదలినపుడు లాగు తీగ పొడవు కంపెనీనిబట్టి మారుచుండును.

ఫిట్టరుకే పొరపాటు జరుగు చోటు ఒకటి కలదు. మరలన్నియు కుడికి త్రిప్పిన బిగియుననుట అతనికి చేతి అలవాటు. సైకిలులో ఎడమ పెడలుకు ఎడమ మర. ఇంగ్లీషు కొలత గల ఫ్రేమున క్రాంకు ఇరుసు పట్టు కప్పులలో కుడిప్రక్కదానికిని ఎడమ మరయే. సైకిలు షాపులో పని నేర్చుకొను కుఱ్ఱవానికిని తెలిసిన యీ సంగతి తెలియక, బలముగల చేయి అల్యూమినియము క్రాంకు మరను ఒక్క త్రిప్పుతో చెఱచివేయగలదు. దీనికి కారణము వినదగినది. త్రొక్కునపుడు బరువు ఇరుసు చుట్టును తిరుగుచుండును. కొంచెము వదులుగల రంధ్రములో ఇరుసు ఆ తిరుగుడుకు ఎదురుదిశగా మెల్లమెల్లగా దొరలుచుండును. ఆ దొరలుట బిగింపునకు తోడ్పడునట్లు మర దిశను ఏర్పఱచినారు.

చక్రము కట్టుట ఈ పనిలో కడు రమ్యమైనది, కడు కష్టమైనది. బండిచక్రమున ఆకులు కఱ్ఱవి. ఇరుసు బరువు క్రిందనున్న ఆకుపై దిగగా, అది స్తంభమువలె నిలిచి మోయును. సైకిలు స్పోకు రెండు మిల్లీమీటర్ల తీగ. నొక్కిన వంగును, లాగిన మాత్రము సులభముగా తెగదు. అందుచేత స్పోకులన్నిటిని ముందే గట్టిగా లాగిపెట్టుదురు. బరువు పడినప్పుడు అడుగునున్న స్పోకులలో ఆ లాగుడు కొంత సడలును. ఆ సడలుటయే బరువు మోయుట. పూర్తిగా వదులగునంత సడలినచో చక్రము చెడును. లాగుడు తీగలతో చక్రము కట్టవచ్చునను ఆలోచనను 1808లో ఇంగ్లండులో జార్జి కేలీ తన ఎగురు యంత్రమునకై చేసినాడు. సంస్కృతమున నేమి, నాభి, అరములు అని చక్కని పేర్లున్నను ఆ అరము మోయునది, ఈ అరము లాగునది. పేరు ఒకటైనను పని వేఱు.

ముప్పదిరెండు రంధ్రముల హబ్బుకు ప్రక్కకు పదునాఱు చొప్పున స్పోకులు పోవును. ఒక్కొక్కటి తన ప్రక్కవానిని మూడింటిని దాటి రిమ్ము చేరును. కొండ సైకిలు 26 అంగుళముల చక్రమున స్పోకు పొడవు 260 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును గాని, హబ్బును రిమ్మును కొలిచి లెక్కకట్టి కొనవలెను. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాయే పని చెఱచును. నిప్పిళ్ళను అన్నిటిని సమానముగా సగము త్రిప్పు, పావు త్రిప్పు చొప్పున బిగించుచు బెండు తీయవలెను. తొందరపడి ఒక్క స్పోకుతోనే బెండు తీయజూచినవాని చక్రము మొదటి రాతివద్దనే మరల వంకరపోవును. వెనుక చక్రమున పళ్ళచక్రములు కుడివైపు చోటు తీసికొనుటచేత అచటి స్పోకులు నిట్టనిలువుగా నిలుచును. కావున వానికి లాగుడు హెచ్చు. ఒక ప్రక్క స్పోకులను వ్రేలితో మీటి వినినచో స్వరము ఇంచుమించు ఒకే తీరున పలుకవలెను. ఎచట శ్రుతి తప్పినదో అచట పని మిగిలియున్నదని అర్థము.

తక్కిన బిగింపులు వేగముగా సాగును. ఫోర్కు గొట్టమును కోయునప్పుడు మాత్రము మొదట పొడవు విడిచి కోయవలెను, కోసినదానిని అతుకలేము. హ్యాండిలు పట్టు పైఅంచునకు గొట్టము రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నుండినగాని పైమూత బేరింగులను నొక్కజాలదు. ముందు పైమూతతో ఊగులాట తీసి, పిదప ప్రక్క బోల్టులను బిగింపవలెను. బిగింపు ఎంతయో భాగముపైననే న్యూటన్ మీటర్లలో ముద్రించియుందురు. హ్యాండిలు పట్టుకు సామాన్యముగా అది 5 ప్రాంతము. పెట్టెలో వచ్చు సూచనాపత్రము సాధారణముగా ఇంగ్లీషునను, చీనా జపాను భాషలందును ఉండును. తెలుగు కుఱ్ఱవాడు దానిని ప్రక్కనబెట్టి బొమ్మనుబట్టి బిగించుట సహజము. ఊగులాట, బెండు, ఒరపు, మర జాఱుట వంటి మంచి మాటలు మన షాపులలో నుండగా, ఇవి పుస్తకముల కెక్కక పోవుటవలన నష్టపడినది పుస్తకములే.

బ్రేకుల వద్ద ఉపేక్ష కూడదు. మన దేశపు సైకిళ్ళలోను మోటారు సైకిళ్ళలోను కుడిచేతిది ముందు బ్రేకు. అమెరికా, ఐరోపా ఖండపు పద్ధతికి కూర్చి అమ్ము నూనె బ్రేకులలో ఎడమచేతిది ముందు బ్రేకుగా వచ్చుట కలదు. కొన్నవాడు గమనింపక బిగించినచో మైదానమున తేడా తెలియదు. గుట్ట దిగునప్పుడు, భయమున చేయి తన పాత అలవాటు ప్రకారము పట్టును. వెనుక చక్రమును మెల్లగా ఆపుదుననుకొన్నవాడు ముందు చక్రమును ఆపివేసి హ్యాండిలు మీదుగా పడును. గొట్టములను మార్చి బిగించుట కొంచెము శ్రమయైనను, తోలక ముందే చేయవలసిన పని. బ్రేకు పళ్ళెమునకు చేతి జిడ్డుగాని నూనెగాని తగులరాదు. తగిలిన అరగుబిళ్ళలు పట్టు కోల్పోవును. క్రొత్త బ్రేకు మొదటి దినముననే పూర్తి బలముతో పట్టదు. చదునైన చోట మధ్యమ వేగమున పోవుచు, చక్రము నిలిచిపోనీయక ఇరువది పర్యాయములు వేగము తగ్గించినచో బిళ్ళయు పళ్ళెమును ఒరసికొని కుదురుకొనును. రీప్యాక్ బాటలో గ్రీజు కాల్చిన వేడి ఇప్పటి బ్రేకులందును పుట్టుచునే యున్నది. బయటి గాలికి తగులుచున్నందున త్వరగా చల్లారుచున్నది, అంతియే.

మొదటి వారము తిరిగినపిమ్మట స్పోకులు సర్దుకొని కొంత సడలును, గేరు తీగ పైగొట్టము నొక్కుకొని తీగ వదులగును, క్రాంకు బోల్టు మరల ఒక పట్టు అడుగును. ఎచట సడలినదో కంటికి తెలియుటకు యంత్రశాలలలో వాడు ఉపాయమే సైకిలుకును చాలును. బోల్టును సరిగా బిగించిన పిమ్మట దాని తలమీదుగా ప్రక్క లోహముపైకి సన్నని రంగుగీత ఒకటి గీయుదురు. గీత రెండుగా విఱిగి కనబడినచో ఆ బోల్టు తిరిగినదని తెలియును. ప్రతి ఉదయము ఎక్కబోవునపుడు హ్యాండిలు, క్రాంకులు, బ్రేకు పళ్ళెములు, ఇరుసులవద్ద నున్న ఆ గీతలపై ఒక్కసారి చూపు సారించుటకు అర నిమిషము పట్టును.